తలకిందుల పంచాంగం

ఏడేళ్లు నేనొక్కదాన్నే మంత్రగత్తెని.
స్నానాల గదిలో గడియ వేసుకుని
గిన్నె మూత మీద కొవ్వొత్తి నిలబెట్టి
ఉప్పుతో చుట్టూ గీత గీసుకుని,
పక్కగది పిల్ల తలుపు కొడితే
కాలి బొటనవేలితో ఆ గీత చెరిపేసి
"వస్తున్నా" అనే మంత్రగత్తెని.

ఊరు ఇన్వర్‌కార్గిల్.
న్యూజీలాండ్ కిందికి జారి జారి
ఇంక పట్టుకోడానికేమీ లేనిచోట ఆగిన ఊరు.
ఆసుపత్రి లాండ్రీలో నా పని.
రాత్రంతా దుప్పట్లు ఉడుకుతాయి.
ఎవరు పుట్టారో, ఎవరు పోయారో
మరకల్ని బట్టి తెలిసేది నాకు.

పుస్తకాలు పాతవి, ఒక్కోటి రెండు డాలర్లు,
ఎక్కడో ఇంగ్లండు చలిలో రాసినవి.
అక్టోబరు ఆఖరి రాత్రి
పోయినవాళ్లు గుమ్మం దాకా వస్తారనీ
ఆకులు రాలతాయనీ ఉంది వాటిలో.
నల్ల శాలువా కప్పుకుని
ఏవిస్ కోసం ఏడవడానికి కూర్చునేదాన్ని.
ఏవిస్, ఆల్చిప్పల పడవెక్కి
ఒక మే నెల పొద్దున తిరిగి రానిది.
కిటికీ అవతలేమో కోఫై చెట్టు పసుపంతా ఒలకబోసుకుని
టూయీ పిట్ట తలకిందులుగా వేలాడి తేనె తాగుతుండేది.
పొలాల్లో ఇంకా తడారని గొర్రెపిల్లలు.
ఏడుపొచ్చేది కాదు.
నాలోనే ఏదో లోపమనుకున్నాను.

డిసెంబరులో సూర్యుడు మళ్లీ పుడతాడన్నారు.
చెమటలు కక్కుతూ మంట వేసి
పురుడు పోయడానికి సిద్ధమయ్యాను.
రాత్రి తొమ్మిదిన్నరకి వాడింకా
పడమటి కంచె మీద కూర్చుని
ఎవరికమ్మా ఈ పురుడు అన్నట్టు చూశాడు.

మొరాగ్ హెస్లప్‌కి డెబ్బై ఆరు.
ఉన్ని కత్తిరించే ముఠాలకు
నలభై ఏళ్లు వండి వార్చిన మనిషి.
తమ్ముడి పైజామా వెతుక్కుంటూ లాండ్రీకొచ్చి
నా మెడలో ఐదు కొమ్ముల చుక్క చూసింది.
చొక్కాలోకి తోసేసేలోపే చూసింది.
"ఎవరితో చేస్తావు?"
"నాతోనే."
"ఏ పుస్తకం?"
చెప్పాను.
దగ్గొచ్చేదాకా నవ్వింది. నవ్వొచ్చేదాకా దగ్గింది.
"నీ కాళ్లెక్కడున్నాయే పిల్లా?
తిరగెయ్ దాన్ని.
ఇక్కడ సూర్యుడు ఉత్తరం పక్క నడుస్తాడు,
చందమామ బోర్లా పడుకుంటాడు,
మనం మాత్రం వాళ్ల పంచాంగం చూసి ఏడవాలా?"

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు.
ఉలిపికట్టెలు పదకొండు ఉన్నాయని
నాకెవరూ చెప్పలేదు.
పాల ట్యాంకరు నడిపే డెస్మండ్.
ఎరువుల గోదాములో లెక్కలు రాసే జిలియన్.
పంతొమ్మిదేళ్ల రెమీ, వాడు మాట్లాడడు.
ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించే పెద్దాయన,
పేరు బయట చెప్పొద్దన్నాడు, చెప్పను.

ఉద్యోగం మారాలని ఆకుపచ్చ కొవ్వొత్తి మీద
నా పేరు చెక్కి వెలిగించాను.
ఏమీ కాలేదు.
జిలియన్ వచ్చి దరఖాస్తులో తప్పులు దిద్దింది,
డెస్మండ్ నా కారు కింద దూరి
వేలాడే గొట్టాన్ని తీగతో కట్టాడు.
దాన్ని ఏ విద్య అంటారో
రెండు డాలర్ల పుస్తకాల్లో లేదు.

ఉద్యోగం రాలేదు. అది వేరే సంగతి.

ఏప్రిల్ ఆఖరి రాత్రి, ఉన్ని కొట్టంలో.
దక్షిణం గాలి, రేకుల మోత, గొర్రె జిడ్డు వాసన.
ఎడమ నుంచి చుట్టూ తిరిగి
తలా ఒక పేరు చెప్పారు.
నా వంతు.
"ఏవిస్."
కొవ్వొత్తి ఆరిపోయింది.
మొరాగ్ వెలిగించింది. ఆరిపోయింది.
"పలకలు ఊడిన గోడ ఇది, అంతకు మించి ఏం లేదు" అంది.
మూడోసారి ఎవరూ వెలిగించలేదు.
చీకట్లో రెమీ నా స్వెటరు అంచు పట్టుకున్నాడు,
కదిలే బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు.
పడిపోయేది నేనో వాడో.
ఏవిస్ రాలేదు.
ఏడుపొచ్చింది.
ముక్కు కారుతూ, వెక్కుతూ,
ఏడేళ్ల బాకీ ఒకేసారి.

తరవాత గుమ్మడికాయ సూపు.
రొట్టె తెస్తానన్నదెవరని గొడవ.
డెస్మండే మరిచాడు, ఒప్పుకోడు.

సోమవారం లాండ్రీలో
సెలవు రోజుల్లో ఏం చేశావని అడిగారు.
చుక్క చొక్కా బయటే ఉంది.
చలి కాచుకున్నాను, అన్నాను.